బ్యాక్టీరియా జీనోమ్‌లో సెలీనోసిస్టీన్ ఎంజైమ్ సెల్‌ఏ నిజంగా ఉందో లేదో తేల్చుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

ఎమ్మెస్సీ, బీటెక్ బయోటెక్నాలజీ ప్రాజెక్టులు చేసేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: "మా బ్యాక్టీరియా జీనోమ్ అనొటేషన్‌లో ఎల్-సెరిల్-టీఆర్ఎన్ఏ సెలీనియం ట్రాన్స్‌ఫరేజ్ అని వచ్చింది. ఇది సెలీనోసిస్టీన్ తయారు చేస్తుందని రిపోర్టులో రాసెయ్యొచ్చా?"

అప్పుడే రాయకండి. (సెలీనోసిస్టీన్ అంటే సెలీనియం ఉన్న అమైనో ఆమ్లం. అనొటేషన్ అంటే జీనోమ్‌లోని జీన్లకి సాఫ్ట్‌వేర్ పెట్టిన పేర్ల జాబితా.) ఆ పేరు మోసే ప్రోటీన్లలో చాలావాటికి ఆ పని చేతకాదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. సెల్‌ఏ (SelA) అన్నది ఆ పొడవాటి పేరున్న ఎంజైమ్‌కే పొట్టి పేరు, అది ఒంటరిగా పనిచేసే ఎంజైమ్ కాదు. దానికో ప్రత్యేక టీఆర్ఎన్ఏ (ప్రోటీన్ తయారీకి అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే అణువు), మరో రెండు ప్రోటీన్లు, చివరికి సెలీనోసిస్టీన్‌ని వాడుకునే జీన్ ఒకటి ఉండాలి. ఇవన్నీ కనబడ్డాకే "ఉంది" అనాలి. వీటిని వెతికే వరస, ఎక్కడెక్కడ కాలు జారుతుందో కింద రాశాను. చివర్లో ల్యాబ్‌లో చేసుకునే రంగు పరీక్ష కూడా ఉంది.

1. ముందు తెలిసి ఉండాల్సింది

సెలీనోసిస్టీన్ విడిగా తయారై టీఆర్ఎన్ఏ మీదకి ఎక్కదు. టీఆర్ఎన్ఏ మీదే తయారవుతుంది. బ్యాక్టీరియాలో జరిగే వరస ఇది:

- సెల్‌సీ జీన్ నుంచి వచ్చే ప్రత్యేక టీఆర్ఎన్ఏకి మొదట సెరీన్ అతుక్కుంటుంది. ఈ పని మామూలు సెరిల్-టీఆర్ఎన్ఏ సింథటేజే చేస్తుంది.
- సెల్‌డీ ఎంజైమ్ ఏటీపీని ఖర్చుపెట్టి, సెలినైడ్ నుంచి సెలీనోఫాస్ఫేట్ తయారు చేస్తుంది.
- సెల్‌ఏ ఆ సెలీనోఫాస్ఫేట్‌ని తీసుకుని, టీఆర్ఎన్ఏ మీదున్న సెరీన్‌ని సెలీనోసిస్టీన్‌గా మారుస్తుంది. ఇందుకు విటమిన్ బి6 రూపమైన పీఎల్‌పీ కావాలి.
- సెల్‌బీ ఆ టీఆర్ఎన్ఏని రైబోజోమ్ దగ్గరికి చేరుస్తుంది. ఎంఆర్ఎన్ఏలో యూజీఏ అనే మూడక్షరాల కోడాన్ మామూలుగా స్టాప్ గుర్తు; ఇక్కడ దాని దగ్గర ప్రోటీన్ ఆగిపోకుండా సెలీనోసిస్టీన్ చేరుతుంది.

మీ జీవి ఆర్కియా (బ్యాక్టీరియాలా కనిపించే వేరే తెగ సూక్ష్మజీవులు) అయినా, మనిషిలాంటి యూకారియోట్ అయినా ఈ గైడ్ యథాతథంగా పనికిరాదు. వాటిలో సెల్‌ఏ చేసే పని రెండు ఎంజైమ్‌ల మధ్య పంచుకుని ఉంటుంది. పీఎస్‌టీకే సెరీన్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తుంది, సెప్‌సెక్‌ఎస్ దాన్ని సెలీనోసిస్టీన్‌గా మారుస్తుంది. మీరు వెతకాల్సింది ఆ రెండింటినీ. (లివర్ డాక్టర్లు రాసే ఎస్ఎల్ఏ యాంటీబాడీ పరీక్షకీ సెప్‌సెక్‌ఎస్‌కీ సంబంధం ఉంది. ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లో కొందరి శరీరం తయారు చేసే ఆ యాంటీబాడీలు ఈ ప్రోటీన్ మీదకే వెళ్తాయి. అయితే ఆ పరీక్ష కొలిచేది యాంటీబాడీని, ఎంజైమ్ పనితనాన్ని కాదు.)

ఈస్ట్, వరి, అరబిడాప్సిస్‌ల మీద పనిచేసేవాళ్లు ఇక్కడే ఆగొచ్చు. వాటిలో ఈ వ్యవస్థే లేదు. మందుల షాపులో దొరికే సెలీనియం ఈస్ట్‌లో ఉండేది ప్రధానంగా సెలీనోమెథియోనిన్. మెథియోనిన్ రావాల్సిన చోట అది దూరిపోతుంది, దానికి సెల్‌ఏ అక్కర్లేదు.

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- జీనోమ్ న్యూక్లియోటైడ్ ఫైలు. ప్రోటీన్ ఫైలు ఒక్కటే ఉంటే చాలదు, కారణం 5, 6 దశల్లో తెలుస్తుంది.
- అనొటేషన్ ఫైలు, అంటే జీఎఫ్ఎఫ్ లేదా జెన్‌బ్యాంక్ ఫైలు.
- జీనోమ్ ఎంతవరకు పూర్తయిందో చెప్పే అంచనా. చెక్ఎమ్ లాంటి టూల్ చాలు.
- సీక్వెన్స్‌లు పోల్చడానికి బ్లాస్ట్, ప్రోటీన్ డొమైన్లు గుర్తించడానికి హెచ్ఎమ్ఎమ్ఈఆర్ లేదా ఇంటర్‌ప్రో, టీఆర్ఎన్ఏలు వెతకడానికి టీఆర్ఎన్ఏస్కాన్-ఎస్ఈ, సెక్‌మార్కర్.
- రెండు కంట్రోల్ జీనోమ్‌లు, అంటే జవాబు ముందే తెలిసినవి: ఈ వ్యవస్థ ఉన్నదొకటి (పాజిటివ్), లేనిదొకటి (నెగెటివ్).

కంట్రోల్స్ లేకుండా మొదలుపెట్టొద్దు. పాజిటివ్‌కి ఈ.కోలై కే-12 ఎంజీ1655 తీసుకోండి. నెగెటివ్‌కి బాసిల్లస్ సబ్టిలిస్ 168 సరిపోతుంది. ఈ.కోలైలో మీ సెట్టింగ్స్‌తో కచ్చితంగా దొరకాల్సినవి ఇవి:

- సెల్‌ఏ: 463 అమైనో ఆమ్లాలు
- సెల్‌బీ: 614 అమైనో ఆమ్లాలు
- సెల్‌డీ: 347 అమైనో ఆమ్లాలు
- సెల్‌సీ: 95 న్యూక్లియోటైడ్ల టీఆర్ఎన్ఏ
- యూజీఏని వాడుకునే మూడు ఫార్మేట్ డీహైడ్రోజినేజ్ జీన్లు: ఎఫ్‌డీహెచ్ఎఫ్, ఎఫ్‌డీఎన్‌జీ, ఎఫ్‌డీఓజీ

వీటిలో ఏ ఒక్కటి దొరక్కపోయినా తప్పు మీ సెట్టింగ్స్‌లో ఉంది. దాన్ని సరిచేసుకున్నాకే మీ జీనోమ్ జోలికి వెళ్లండి.

ఇంకో చిన్న పని ఉంది. మీ జీవి ఏ జెనెటిక్ కోడ్ టేబుల్ వాడుతుందో చూసుకోండి. చాలా బ్యాక్టీరియాకి టేబుల్ 11. మైకోప్లాస్మా, స్పైరోప్లాస్మాలకి టేబుల్ 4, వాటిలో యూజీఏ అంటే ట్రిప్టోఫాన్. అక్కడ ఎక్కడ చూసినా యూజీఏలే కనిపిస్తాయి, వాటిలో ఏదీ సెలీనోసిస్టీన్ కాదు.

3. మొదట టీఆర్ఎన్ఏ, తర్వాతే ఎంజైమ్

అందరూ సెల్‌ఏ బ్లాస్ట్‌తో మొదలుపెడతారు. నేను టీఆర్ఎన్ఏతో మొదలుపెట్టమంటాను. ఈ టీఆర్ఎన్ఏ లేకపోతే సెల్‌ఏకి చెయ్యడానికి పనే ఉండదు. పైగా దీనికి పోలికలున్న తప్పుడు హిట్స్ తక్కువ, వచ్చినా కళ్లతో చూసి ఏరెయ్యొచ్చు.

టీఆర్ఎన్ఏస్కాన్-ఎస్ఈని బ్యాక్టీరియా మోడ్‌లో నడపండి. అదే ఫైలుని సెక్‌మార్కర్‌లో కూడా పెట్టండి. సెక్‌మార్కర్‌ని ఈ ఒక్క టీఆర్ఎన్ఏ కోసమే తయారుచేశారు కాబట్టి, రెండూ వేర్వేరు జవాబులిస్తే నేను దాని వైపే మొగ్గుతాను.

హిట్ వచ్చాక దాని ఆకారం చూడండి:

- యాంటీకోడాన్ (కోడాన్‌ని చదివే మూడక్షరాలు) యూసీఏ
- యాక్సెప్టర్ స్టెమ్‌లో (అమైనో ఆమ్లం అతుక్కునే కాడలో) 8 జతలు (మామూలు టీఆర్ఎన్ఏల్లో 7)
- పొడవైన వేరియబుల్ ఆర్మ్

మూడూ ఉండాలి. యాంటీకోడాన్ ఒక్కటి చూసి సంబరపడితే రెండు చోట్ల దెబ్బతింటారు.

మొదటిది, అక్షరాల తారుమారు. సెలీనోసిస్టీన్ టీఆర్ఎన్ఏ యాంటీకోడాన్ యూసీఏ, అది చదివే కోడాన్ యూజీఏ. సెరీన్ టీఆర్ఎన్ఏల్లో ఒకదానికి యాంటీకోడాన్ యూజీఏ, అది చదివే కోడాన్ యూసీఏ. అచ్చం తిరగబడ్డ జత. పైగా సెరీన్ టీఆర్ఎన్ఏకీ పొడవైన వేరియబుల్ ఆర్మ్ ఉంటుంది. టూల్ ఇచ్చిన ఫలితంలో "యూజీఏ" కనబడగానే అదే మనదని పట్టేసుకునేవాళ్లు చాలామంది. ఆ కాలమ్‌లో ఉన్నది కోడానా, యాంటీకోడానా అన్నది హెడింగ్ చూసి తేల్చుకోండి.

రెండోది, మైకోప్లాస్మా తరహా జీవుల్లో ట్రిప్టోఫాన్ టీఆర్ఎన్ఏకి కూడా యూసీఏ యాంటీకోడాన్ ఉంటుంది. దానికి పొడవైన వేరియబుల్ ఆర్మ్ ఉండదు. ఆ తేడాతో పట్టుకోవచ్చు.

4. సెల్‌ఏ: హిట్ కాదు, మూడు గుర్తులు

ఈ.కోలై సెల్‌ఏ సీక్వెన్స్‌ని యూనిప్రాట్ నుంచి తీసుకుని మీ ప్రోటీన్ ఫైలు మీద బ్లాస్ట్‌పీ చెయ్యండి. ఈ-వాల్యూ (ఆ పోలిక కాకతాళీయం అయ్యే అవకాశాన్ని చెప్పే అంకె) బాగుందని అక్కడే ఆగకండి. పీఎల్‌పీ వాడే ఎంజైమ్‌లది పెద్ద కుటుంబం, మధ్యభాగం చాలావాటిలో ఒకేలా ఉంటుంది. ఈ మూడూ చూడండి.

మొదటి గుర్తు, పొడవు. నిజమైన సెల్‌ఏ సుమారు 450 నుంచి 470 అమైనో ఆమ్లాలు ఉంటుంది. నాలుగువందల లోపున్న హిట్స్‌ని అనుమానించండి.

రెండో గుర్తు, ముందు భాగం. సెల్‌ఏ మొదట్లో ఒక చిన్న డొమైన్ ఉంటుంది. సెలీనోసిస్టీన్ టీఆర్ఎన్ఏని గుర్తుపట్టి పట్టుకునేది అదే. ఇంటర్‌ప్రోలో మీ ప్రోటీన్‌ని పెడితే సెల్‌ఏ ప్రధాన డొమైన్‌తో పాటు ఎన్-టెర్మినల్ డొమైన్ కూడా విడిగా చూపించాలి. పోలికలున్న నకిలీల్లో తరచూ లోపించేది ఇదే.

మూడో గుర్తు, లైసిన్. పీఎల్‌పీ అతుక్కునే లైసిన్ ఈ.కోలైలో 295వ స్థానంలో ఉంటుంది. మీ ప్రోటీన్‌ని ఈ.కోలై సెల్‌ఏతో అలైన్ చేసి, ఆ 295 కాలమ్ దగ్గరికి వెళ్లి చూడండి. అక్కడ లైసిన్ లేకపోతే ఆ ప్రోటీన్ సెల్‌ఏ పని చేస్తుందని అనుకోవడానికి ఆధారం లేనట్టే. మీ ప్రోటీన్‌లో ఆ లైసిన్ నంబరు 295 కాకపోవచ్చు, కాలమ్ కలిస్తే చాలు.

నకిలీలకి రెండు ఉదాహరణలు. మెథనోకాల్డోకాకస్ జనాషీ అనే ఆర్కియాలో ఎంజే0158 అనే ప్రోటీన్ ఉంది. సీక్వెన్స్ చూస్తే సెల్‌ఏ బంధువే. పరీక్షిస్తే సెల్‌ఏ పని చెయ్యలేదు. తమాషా ఏమిటంటే ఆ జీవి సెలీనోసిస్టీన్ తయారు చేస్తుంది, కాకపోతే పీఎస్‌టీకే, సెప్‌సెక్‌ఎస్ దారిలో. రెండోది సాల్మొనెల్లాలోని డీజీఏఈ. ఇదీ సెల్‌ఏ పోలికే, చేసేది మాత్రం గ్లూకోసమినేట్ అనే చక్కెర ఆమ్లాన్ని విరగ్గొట్టే దారిలో ఒక పని. ఆ బ్యాక్టీరియాకి అసలు సెల్‌ఏ విడిగా ఉంది. కాబట్టి మీ జీనోమ్‌లో రెండు మూడు సెల్‌ఏ హిట్స్ వస్తే అన్నీ అసలువే అనుకోవద్దు.

ఇక పక్కింటి జీన్ ఎవరో చూడండి. ఈ.కోలైలో సెల్‌ఏ, సెల్‌బీ పక్కపక్కనే ఒకే ఆపరాన్‌లో (కలిసి చదవబడే జీన్ల వరసలో) ఉంటాయి. చాలా బ్యాక్టీరియాలో ఇంతే. మీ సెల్‌ఏ వెంటే సెల్‌బీ ఉంటే అది బలమైన సాక్ష్యం. లేకపోయినా కొట్టిపారెయ్యకండి.

5. సెల్‌బీ, సెల్‌డీ

సెల్‌బీ కోసం బ్లాస్ట్ చేస్తే ప్రతి బ్యాక్టీరియాలోనూ హిట్ వస్తుంది. ఎందుకంటే దాని ముందు భాగం ఈఎఫ్-టీయూని పోలి ఉంటుంది, ఈఎఫ్-టీయూ లేని బ్యాక్టీరియా లేదు. పొడవు చూస్తే తేలిపోతుంది. ఈ.కోలై ఈఎఫ్-టీయూ 394, సెల్‌బీ 614. ఆ అదనపు తోక ఎంఆర్ఎన్ఏలోని హెయిర్‌పిన్‌ని పట్టుకోవడానికి. మీ హిట్‌లో తోక భాగం కూడా అలైన్ అయిందా లేదా అన్నదే ప్రశ్న.

సెల్‌డీలో రెండు పీటముడులున్నాయి.

ఒకటి, సెల్‌డీ ఉన్నంత మాత్రాన సెలీనోసిస్టీన్ ఉన్నట్టు కాదు. సెలీనోఫాస్ఫేట్‌కి వేరే గిరాకీ కూడా ఉంది. కొన్ని టీఆర్ఎన్ఏల్లో 34వ స్థానంలోని యూరిడిన్‌ని సెలీనోయూరిడిన్‌గా మార్చడానికి సెల్‌యూ అనే ఎంజైమ్ దాన్ని వాడుకుంటుంది. కొన్ని మాలిబ్డినం ఎంజైమ్‌ల కోఫాక్టర్‌లోకి కూడా ఇదే సెలీనియం వెళ్తుంది. సెల్‌డీ ఉండి సెల్‌ఏ లేకపోతే ముందు సెల్‌యూ కోసం వెతకండి.

రెండోది మరీ చిత్రమైనది. ఈ.కోలై సెల్‌డీలో 17వ స్థానంలో సిస్టీన్ ఉంటుంది, ఎంజైమ్ పనికి అది తప్పనిసరి. హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే లాంటి వాటిలో ఆ చోట సెలీనోసిస్టీనే ఉంటుంది. అంటే సెల్‌డీ జీన్ మొదట్లోనే ఒక యూజీఏ. ఆటోమేటిక్ అనొటేషన్ దాన్ని స్టాప్ అనుకుని, ఆ తర్వాత కనబడ్డ మెథియోనిన్ నుంచి జీన్ మొదలైనట్టు రాసేస్తుంది. ప్రోటీన్ ఫైలులో మీకు తల తెగిన సెల్‌డీ కనిపిస్తుంది. అందుకే సెల్‌డీని టీబ్లాస్ట్ఎన్‌తో (ప్రోటీన్‌ని న్యూక్లియోటైడ్ సీక్వెన్స్‌తో పోల్చే బ్లాస్ట్ రకం) నేరుగా జీనోమ్ మీద వెతకాలి.

ఈ దశ ముగిసేసరికి చేతిలో ఉండాల్సినవి:

- ☐ 8 జతల స్టెమ్, యూసీఏ యాంటీకోడాన్, పొడవైన ఆర్మ్ ఉన్న టీఆర్ఎన్ఏ
- ☐ ఎన్-టెర్మినల్ డొమైన్, లైసిన్ రెండూ ఉన్న సెల్‌ఏ
- ☐ తోకతో సహా సెల్‌బీ
- ☐ 17వ కాలమ్‌లో సిస్టీన్ లేదా యూజీఏ ఉన్న సెల్‌డీ

6. వాడుకునే జీన్‌ని పట్టుకోండి

ఫ్యాక్టరీ ఉంటే సరుకు కొనేవాడూ ఉండాలి. ముందు సులువైన చోట చూడండి. జెన్‌బ్యాంక్ ఫైలు తెరిచి "ట్రాన్స్‌ల్_ఎక్సెప్ట్" అనే గుర్తు కోసం వెతకండి. అనొటేషన్ చేసినవాళ్లు యూజీఏని సెలీనోసిస్టీన్‌గా ముందే గుర్తించి ఉంటే అక్కడ రాసి ఉంటుంది.

లేకపోతే ఈ.కోలై ఎఫ్‌డీహెచ్ఎఫ్ ప్రోటీన్‌తో టీబ్లాస్ట్ఎన్ చెయ్యండి. అందులో 140వ స్థానంలో యూ అక్షరం ఉంటుంది, సెలీనోసిస్టీన్ గుర్తు. యూ అక్షరాన్ని ఎక్స్‌గా మార్చి లెక్కించామని బ్లాస్ట్ ఒక హెచ్చరిక చూపిస్తుంది. టెన్షన్ పడకండి, అది మామూలే. అలైన్‌మెంట్‌లో 140 దగ్గర మీ జీనోమ్ వైపు ఏముందో చూడండి.

- నక్షత్రం గుర్తు (స్టాప్ కోడాన్‌కి బ్లాస్ట్ వేసే గుర్తు) ఉండి, దాని తర్వాత కూడా పోలిక తెగకుండా సాగితే: మీరు వెతుకుతున్నది ఇదే.
- సిస్టీన్ ఉంటే: అది సెలీనియం అక్కర్లేని రకం. ఇలాంటివి చాలా ఉన్నాయి.
- నక్షత్రం తర్వాత పోలిక తెగిపోతే: నిజమైన స్టాప్, లేదా పాడైన జీన్.

నక్షత్రం ఉన్న చోట న్యూక్లియోటైడ్ సీక్వెన్స్ తీసి, అది టీజీఏనే (యూజీఏని డీఎన్ఏలో ఇలా రాస్తారు) అని కళ్లతో నిర్ధారించుకోండి. టీఏఏ, టీఏజీ అయితే సెలీనోసిస్టీన్ కాదు. తర్వాత, ఆ టీజీఏ వెంటనే వచ్చే 40 న్యూక్లియోటైడ్లని ఆర్ఎన్ఏ మడతల్ని అంచనా వేసే ఆర్ఎన్ఏఫోల్డ్‌లో పెట్టండి. సెసిస్ అనే హెయిర్‌పిన్ మడత రావాలి. బ్యాక్టీరియా సెసిస్‌ల కోసం బీసెసిసెర్చ్ అనే టూల్ ఉంది. సెసిసెర్చ్3 యూకారియోట్లకి. యూకారియోట్లలో ఈ మడత జీన్ చివర, కోడింగ్ భాగం దాటాక ఉంటుంది. బ్యాక్టీరియాలో టీజీఏని అంటిపెట్టుకుని జీన్ లోపలే ఉంటుంది. టూల్ మారితే ఏమీ దొరకదు, దొరకలేదు కాబట్టి లేదని రాసేస్తారు.

ఫార్మేట్ డీహైడ్రోజినేజ్‌లో దొరక్కపోతే ఇతర సెలీనోప్రోటీన్లతో ప్రయత్నించండి. క్లాస్ట్రిడియం బంధువులైతే గ్లైసిన్ రిడక్టేజ్ చూడండి. సెల్‌డీనీ మర్చిపోవద్దు, కొన్ని జీవుల్లో సరుకు తయారుచేసేదీ వాడుకునేదీ అదే.

7. ఫలితాలు చదవడం

నాలుగు భాగాలూ, టీజీఏ జీన్ ఒకటైనా దొరికితే సెలీనోసిస్టీన్ వ్యవస్థ ఉందని ధైర్యంగా రాయొచ్చు.

సెల్‌ఏ ఉండి టీఆర్ఎన్ఏ లేకపోతే రెండు కారణాలు ఉండొచ్చు: ఆ సెల్‌ఏ నకిలీ, లేదా జీనోమ్ అసంపూర్ణం. చెక్ఎమ్ అంకె చూసి, 4వ దశలోని మూడు గుర్తులూ మళ్లీ సరిచూడండి.

నాలుగూ ఉండి టీజీఏ జీన్ దొరక్కపోతే వెతకడం అయిపోలేదన్నమాట. 6వ దశ మళ్లీ చెయ్యండి.

"లేదు" అని రాయడం "ఉంది" అనడం కంటే కష్టం. ముక్కలుగా ఉన్న డ్రాఫ్ట్ జీనోమ్, ముఖ్యంగా మెటాజీనోమ్ (అనేక జీవుల డీఎన్ఏ కలిసిన నమూనా) నుంచి కూర్చినది, చేతిలో పెట్టుకుని "ఈ జీవిలో సెల్‌ఏ లేదు" అనొద్దు. "ఈ అసెంబ్లీలో కనబడలేదు" అనండి.

8. ల్యాబ్‌లో తేల్చుకోవడం: బెంజైల్ వయోలోజెన్ పరీక్ష

కంప్యూటర్ చెప్పింది నిజమో కాదో చూసుకోవడానికి పాత పరీక్ష ఒకటుంది. ఈ.కోలైలో గాలి లేనప్పుడు తయారయ్యే ఫార్మేట్ డీహైడ్రోజినేజ్-హెచ్ సెలీనోసిస్టీన్ ఉంటేనే తయారవుతుంది. అది ఫార్మేట్ నుంచి ఎలక్ట్రాన్లు తీసి బెంజైల్ వయోలోజెన్ రంగుకి ఇస్తే ఊదా-నీలం వస్తుంది. సెల్‌ఏ తీసేసిన ఈ.కోలైలో రంగు రాదు. ఆ స్ట్రెయిన్‌లోకి ప్లాస్మిడ్ (జీన్‌ని మోసుకెళ్లే చిన్న డీఎన్ఏ వలయం) ద్వారా మీ సెల్‌ఏని పంపాక రంగు తిరిగొస్తే మీ ఎంజైమ్ పనిచేస్తున్నట్టే.

స్ట్రెయిన్, ప్లాస్మిడ్. కియో కలెక్షన్ (జీన్లని ఒక్కొక్కటిగా తీసేసిన ఈ.కోలై స్ట్రెయిన్ల సేకరణ) లోని సెల్‌ఏ డిలీషన్ స్ట్రెయిన్ వాడండి. ప్లాస్మిడ్ ఎంపికలోనే చాలా తప్పులు జరుగుతాయి.

- కియో స్ట్రెయిన్‌కి కనామైసిన్ నిరోధకత ముందే ఉంటుంది. కనామైసిన్ ప్లాస్మిడ్ పనికిరాదు, ఆంపిసిలిన్ లేదా క్లోరాంఫెనికాల్ ప్లాస్మిడ్ తీసుకోండి.
- పీఈటీ ప్లాస్మిడ్‌లు ఇక్కడ పనిచెయ్యవు. వాటిని నడిపే టీ7 పాలిమరేజ్ ఈ స్ట్రెయిన్‌లో లేదు.
- పీబ్యాడ్ కూడా వద్దు. మీడియాలో గ్లూకోజ్ ఉంటుంది, అది అరాబినోజ్ ప్రొమోటర్‌ని అణిచేస్తుంది.
- తక్కువ కాపీల ప్లాస్మిడ్‌లో, ఎప్పుడూ నడిచే ప్రొమోటర్‌తో పెట్టండి.

పెంచడం. ట్రిప్టోన్, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, గ్లూకోజ్, ఫాస్ఫేట్ ఉన్న అగార్, పీహెచ్ 6.5. అందులో సోడియం సెలినైట్, సోడియం మాలిబ్డేట్ చెరో 1 మైక్రోమోలార్. మాలిబ్డేట్ మర్చిపోతే సెల్‌ఏ ఎంత బాగున్నా రంగు రాదు, ఎందుకంటే ఆ డీహైడ్రోజినేజ్‌కి మాలిబ్డినం కూడా కావాలి. నైట్రేట్ కలపకండి, అది ఈ ఎంజైమ్ తయారీని ఆపుతుంది. అనరోబిక్ జార్‌లో 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి.

పైపొర. 0.75% అగార్‌లో లీటర్‌కి 1 గ్రాము బెంజైల్ వయోలోజెన్, 0.25 మోలార్ సోడియం ఫార్మేట్, 25 మిల్లీమోలార్ పొటాషియం ఫాస్ఫేట్, పీహెచ్ 7. చేతికి ఓర్చుకునేంత వేడికి చల్లార్చి, జార్ తెరిచిన వెంటనే కాలనీల మీద పొయ్యండి. ఫోటో మొదటి నిమిషాల్లోనే తీసుకోండి. గాలి తగిలేకొద్దీ రంగు వెలిసిపోతుంది.

గ్లౌజులు తప్పనిసరి. బెంజైల్ వయోలోజెన్, మన ఊళ్లలో కలుపుమందుగా తెలిసిన పారాక్వాట్ ఒకే కుటుంబం. సెలినైట్ కూడా విషమే. స్టాక్ ద్రావణాన్ని నోటితో పిపెట్ చేసే అలవాటు ఇంకా ఎక్కడైనా ఉంటే ఇక్కడ మానెయ్యండి.

ప్లేట్లు ఇవి:

- ☐ మామూలు ఈ.కోలై: రంగు రావాలి
- ☐ డిలీషన్ స్ట్రెయిన్, ఖాళీ ప్లాస్మిడ్‌తో: తెల్లగా ఉండాలి
- ☐ డిలీషన్ స్ట్రెయిన్, ఈ.కోలై సొంత సెల్‌ఏతో: రంగు తిరిగి రావాలి
- ☐ డిలీషన్ స్ట్రెయిన్, మీ సెల్‌ఏతో
- ☐ ఇవే మళ్లీ, ఫార్మేట్ లేని పైపొరతో

చివరి ప్లేటుని దండగనుకుని వదిలేస్తారు. హైడ్రోజన్ ఉంటే ఈ.కోలై హైడ్రోజినేజ్‌లు కూడా ఇదే రంగు తెప్పిస్తాయి, కొన్ని గ్యాస్ ప్యాకెట్లు జార్‌లో హైడ్రోజన్ వదులుతాయి. ఫార్మేట్ లేకపోయినా రంగొస్తే మీరు చూస్తున్నది సెల్‌ఏ పని కాదు.

మూడో ప్లేటులో రంగొచ్చి నాలుగో ప్లేటులో రాకపోతే మీ సెల్‌ఏ చచ్చిందని తేల్చెయ్యకండి. అది ఈ.కోలై టీఆర్ఎన్ఏని గుర్తుపట్టకపోవచ్చు, లేదా ఈ.కోలైలో సరిగ్గా మడతపడి ఉండకపోవచ్చు. సెల్‌ఏ పది ఉపయూనిట్లు కలిసి కట్టుకునే పెద్ద ప్రోటీన్. మీ జీవి సెల్‌సీ టీఆర్ఎన్ఏని కూడా అదే ప్లాస్మిడ్‌లో చేర్చి మళ్లీ చూడండి. అప్పటికీ రాకపోతే రిపోర్టులో "ఈ.కోలైలో పనిచెయ్యలేదు" అని మాత్రమే రాయండి.